పాత రాగి తూకం: తాగుడు మానిన ఒక మోటార్ మెకానిక్ కేసు

నేను డీఅడిక్షన్ కౌన్సిలర్‌ని. 12 ఏళ్లుగా ఇదే పని, ఆదివారాలు మా చిన్న క్రైస్తవ సంఘంలో వాక్యం కూడా చెప్తాను. ఈ రెంటినీ కలపొద్దని నాకు శిక్షణ ఇచ్చినవాళ్లు గట్టిగా చెప్పారు, చాలావరకు కలపను కూడా, కానీ ఈ కేసులో అది కుదరలేదు, ఎందుకంటే అతను మా సెంటర్‌కి వచ్చిన నెలలోనే మా సంఘానికీ వచ్చాడు, పైగా అతని బాధ సగం తాగుడుదైతే మిగతా సగం ఊరివాళ్ల చూపులది. అతని అనుమతితోనే రాస్తున్నాను. రాసింది చదివి వినిపించాను, ఒకచోట "అది నేను అట్టా అనలేదన్నా" అంటే దిద్దాను. వయసు, ఊరు లాంటి గుర్తుపట్టే వివరాలు మార్చాను. పేరు రాయను. నేను పిలిచేది తమ్ముడూ అని, ఇక్కడా తమ్ముడే.

"దేవుడు నన్ను క్షమించాడు, మరి మనుషులెందుకు నమ్మరు?" ఈ ప్రశ్న నేను ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. తమ్ముడు అడిగినప్పుడు నేను మొదట ఇచ్చిన జవాబు తప్పు. దానివల్ల ఏం జరిగిందో కూడా దాచకుండా రాస్తాను, ఇలాంటివాళ్లతో పనిచేసే పాస్టర్‌గార్లకూ, ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లకూ పనికొస్తుందని.

వచ్చినప్పటి పరిస్థితి

తమ్ముడికి అప్పుడు 38 ఏళ్లు. మార్కాపురం వైపు ఒక పల్లె, పని మోటార్ వైండింగ్. మా వైపు వ్యవసాయం అంటే బోరే. మోటారు కాలిందంటే ఆ ఇంట్లో అన్నం సయించదు, మిర్చి తోట ఎండకు తలలు వాల్చేస్తుంటే రైతు వైండింగ్ షాపు ముందు అరుగు మీద కూర్చుని మెకానిక్ చేతుల వంకే చూస్తుంటాడు. కాలిన మోటారు విప్పి, పాత తీగంతా లాగేసి, కొత్తది చుడతారు. ఆ పాత తీగ రాగి, స్క్రాప్ కొట్లో కిలోల లెక్కన డబ్బులొస్తాయి. ఆ రాగి రైతుది. తిరిగి ఇచ్చెయ్యాలి, లేదంటే దాని ధర బిల్లులో తగ్గించాలి.

తమ్ముడు ఆ రాగి తాగేశాడు. మొదట పాత రాగి, తర్వాత కొత్త తీగ కోసమని రైతులిచ్చిన అడ్వాన్సు. తర్వాత అల్యూమినియం తీగ చుట్టి రాగి అని బిల్లు రాయడం, ఆ మోటారు నెల తిరక్కుండా మళ్లీ కాలడం. చివరికి ఒక పెద్దాయన మోటారు మొత్తంగా అమ్మేసి, అడిగిన ప్రతిసారీ "రేపు, ఎల్లుండి" అని పదిహేను రోజులు తిప్పాడు. ఈ లోపు ఆ పెద్దాయన ఎకరంన్నర మిర్చి నిలువునా ఎండిపోయింది.

ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆమె పలకల ఫ్యాక్టరీలో కూలికి పోతుంది. ఆమె చెవి కమ్మలు, పెద్దపాప కాళ్ల పట్టీలు కూడా అదే దారిన పోయాయి. తాళిబొట్టు మాత్రం వాళ్లమ్మ దగ్గర దాచి, మెడలో పసుపుతాడు వేసుకుంది. ఇంకో సంగతి, ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది కాబట్టి చెప్తున్నాను, ఆమె ఎవరో ఇచ్చిన "తాగుడు మాన్పించే పొడి" అతనికి తెలియకుండా కూరలో కలిపింది. ఆ రాత్రి అతను తాగొచ్చి ఆ కూర తిని, ఒళ్లంతా ఎర్రబడి, వాంతులతో పడిపోయాడు. అలాంటి పొడుల్లో ఏముంటుందో ఎవరికీ తెలియదు, మందు తాగిన ఒంట్లో అలాంటివి పడితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఆ రోజు నుంచి అతనికి ఆమె పెట్టే కంచం మీద అనుమానం. ఆమెకి అతని మాట మీద అనుమానం ఎలాగూ ఉంది. నా దగ్గరకు వచ్చేసరికి ఆ ఇంట్లో ఒకరిని ఒకరు నమ్మేవాళ్లు లేరు.

ఆడిట్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల స్కేలు ఉంది, మొత్తం 40 మార్కులు, 20 దగ్గర్నుంచి వ్యసనం ముదిరిందనే అనుమానించాలి. తమ్ముడికి 33. అంతకుముందు సొంతంగా మానబోయి రెండోరోజు ఫిట్స్ తెచ్చుకున్నవాడు, అందుకే డాక్టర్‌గారు ఇంటి దగ్గర వద్దే వద్దన్నారు. 21 రోజులు అడ్మిషన్, వణుకు రాకుండా మందులు, బీ1 విటమిన్ ఇంజెక్షన్లు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే రెండో మూడో రోజు ఫిట్స్, మతి చెదరడం, లేనివి కనపడటం రావచ్చు, మనుషులు చనిపోతారు కూడా. ప్రార్థన గదిలో పెట్టి తలుపేసి ఉపవాసం ఉండమనే పద్ధతి కొన్నిచోట్ల చూశాను. నేను ప్రార్థన నమ్మేవాణ్ని, ప్రార్థన చేసేవాణ్ని, అయినా చెప్తున్నాను, ముందు డాక్టరు, పక్కన ప్రార్థన. ఎక్కడికి పోవాలో తెలియకపోతే వ్యసనాల హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి గానీ ఫోన్ చేయండి.

మందుల చీటీ వెనక 11 పేర్లు

తమ్ముడి తల్లి చిన్నప్పుడు అతన్ని చర్చికి తీసుకుపోయేదట, తర్వాత ఇరవై ఏళ్లు ఆ ఊసే లేదు. వార్డులో రెండోవారం, ఒక రాత్రి నిద్రపట్టక, పక్క మంచం ముసలాయన బైబిల్ అడిగి తీసుకుని తప్పు ఒప్పుకుని దేవుణ్ని క్షమాపణ అడిగే 51వ కీర్తన చదివానని పొద్దున్నే నాతో చెప్పాడు. ఏడ్చాడు. ఇలాంటి ఏడుపులు నేను చాలా చూశాను, కొన్ని డిశ్చార్జి దాకానే ఉంటాయి, అందుకని నేనేమీ అనలేదు. కానీ మధ్యాహ్నం అతను మందుల చీటీ ఒకటి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. వెనకవైపు పెన్సిల్‌తో 11 పేర్లు, ఒక్కో పేరు పక్కన ఏం తీసుకున్నాడో. "త్రీ హెచ్‌పీ, రాగి." "ఫైవ్ హెచ్‌పీ, అడ్వాన్సు." చివరి పేరు పక్కన అంకె లేదు, "తోట" అని ఒక్కటే మాట ఉంది.

మనిషి నిజంగా మారాడా లేదా అని నన్ను అడిగేవాళ్లకి నేను హృదయాలు చూడలేనని చెప్తాను. ఆ చీటీ మాత్రం చూశాను. ఎవరూ అడగకుండా రాశాడు.

నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. ఆ చీటీని కేస్ ఫైల్లో పెట్టి, అతని చేతికి మైకు ఇచ్చాను. మూడో నెలలో వాళ్ల ఊరికి దగ్గర్లో మా సంఘం రెండు రోజుల కూటాలు పెట్టింది, తాగుబోతు మారాడంటే జనానికి ఆదరణగా ఉంటుంది కదా అని, దేవుడు తనని ఎలా మార్చాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పమన్నాను. బాగానే మొదలుపెట్టాడు. దేవుడు నా పాపాలన్నీ సముద్రంలో పడేశాడు, ఇప్పుడు నా మీద ఏమీ లేదు, అన్నాడు. వాక్యంలో ఉన్న మాటే, మీకా గ్రంథంలోది. వెనక షామియానా గుంజ దగ్గర నిలబడ్డ ఒక మనిషి, భుజాన తువ్వాలు, గొంతు కూడా పెద్దగా పెంచకుండా అన్నాడు: "సముద్రంలో పడేసింది నీ పాపం అయితే, నా మోటారు యాడుంది నాయనా?"

ఆ చీటీలో 11వ పేరు ఆయనదే.

మావాళ్లు ఇద్దరు ఆయన దగ్గరకు పోయి "కూటం దగ్గర గొడవొద్దు పెద్దాయనా" అని బయటికి పంపించారు. ఆ పంపించడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అక్కడ నిజం మాట్లాడింది ఆయన. తమ్ముడి సాక్ష్యం అబద్ధం కాదు, కానీ సగమే, మిగతా సగం నా ఫైల్లో మడతపెట్టి ఉంది.

ఎనిమిదో రోజు తమ్ముడు తాగాడు. రెండు రోజులు. మూడో రోజు భార్య ఫోన్ చేస్తే పోయాను, ఇంటి వెనక రాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను ఏమీ అడగకముందే, "ఎట్టాగూ నమ్మరు గదన్నా" అన్నాడు. "ఎట్టాగూ తాగుబోతునే అంటారు, ఎట్టాగూ దొంగనే అంటారు. తాగితే ఏం పోయింది?"

ఈ "ఎట్టాగూ" అనే మాట మీద నాకు అప్పటి నుంచీ చెవి నిలబడుతుంది. మళ్లీ తాగడానికి కారణాలు వంద చెప్తారు, పెళ్లని, చావని, ఒళ్లు నొప్పులని, కానీ గతం ఉన్న మనిషి నోట్లో సీసా కన్నా ముందు ఈ మాట వస్తుంది. ఇప్పుడు నేను ఫాలోఅప్ ఫోన్లలో అడిగే ప్రశ్నలకన్నా ఈ మాట ఎన్నిసార్లు వచ్చిందో ఎక్కువ గమనిస్తాను.

జవాబు మార్చుకోవడం

అంతకుముందు నేను చెప్పిన జవాబు ఏంటంటే, "మనుషుల సంగతి వదిలెయ్ తమ్ముడూ, దేవుడు నమ్మాడు చాలు." వినడానికి బాగుంటుంది. కానీ దాంట్లో ఒక విషం ఉంది, దేవుణ్ని మన పక్క నిలబెట్టుకుని అవతలివాళ్లని తప్పు చేసినవాళ్లుగా చూపిస్తుంది. మోటారు పోగొట్టుకున్న మనిషి అనుమానపడితే ఆయన దేవుడికి ఎదురు నిలిచినట్టా? ఆయన అనుమానం ఆయన అనుభవంలోంచి వచ్చింది. దానికి హక్కుంది.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం మేమిద్దరం ఆ రాళ్ల మీదే కూర్చుని చదివాం. క్రీస్తు శిష్యుల్ని హింసించి, తర్వాత మారి పౌలైన సౌలు సంగతి అందరికీ తెలుసు, దమస్కు దారిలో వెలుగు, అదే చెప్పుకుంటాం. ఆ తర్వాతది తొందరగా దాటేస్తాం. అతని దగ్గరకు పొమ్మని ప్రభువు స్వయంగా చెప్తే దమస్కులో ఉన్న శిష్యుడు అననీయ ఏమన్నాడు? ఈ మనిషి గురించి చాలామంది చెప్పగా విన్నాను, యెరూషలేములో నీవాళ్లకి చాలా కీడు చేశాడు, అన్నాడు. ప్రభువు అతన్ని తిట్టలేదు. అనుమానించావేంటని అనలేదు. వెళ్లు, ఇతన్ని నేను ఏర్పరచుకున్నాను అన్నాడు, అంతే. తర్వాత సౌలు యెరూషలేముకు పోతే అక్కడి శిష్యులు శిష్యుడంటే నమ్మక భయపడ్డారు. గలతీయులకు రాసిన పత్రిక చూస్తే అది మారిన వెంటనే కూడా కాదు, మూడేళ్ల తర్వాత. మూడేళ్లయినా భయమే! బర్నబా అనే శిష్యుడు చెయ్యిపట్టుకుని తీసుకుపోతే గానీ కలవనివ్వలేదు. మరి పౌలు ఆ శిష్యుల మీద తన పత్రికల్లో ఎక్కడన్నా ఫిర్యాదు చేశాడా? నాకైతే కనపడలేదు. సంఘాన్ని హింసించినవాణ్ని, అపొస్తలుడనే పేరుకు తగను అని తన గురించే రాసుకున్నాడు.

తమ్ముడు చాలాసేపు ఆలోచించి అడిగిన ప్రశ్న: "అయితే అన్నా, ఆ మూడేళ్లు ఆయన దేనిమీద బతికాడు?"

ఈ కేసులో నేను చెప్పదలుచుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది. దేవుడి మీద నమ్మకం అంటే, ఊరు నన్ను నమ్మి తీరాలని దేవుడి పేరు చెప్పి అడగడం కాదు. ఊరు నమ్మని రోజుల్లో ఆ లోటు సీసాతో పూడ్చుకోకుండా నిలబడటానికి కాళ్ల కింద ఉండే నేల అది. ఆ నేల ఉన్నవాడు అవతలివాడు అనుమానిస్తే భరించగలడు, పరీక్షిస్తానంటే పరీక్షించుకోనివ్వగలడు.

చేసిన పనులు

మళ్లీ అయిదు రోజులు డాక్టర్‌గారి దగ్గర ఉంచి, ఈసారి ఫైల్లోంచి ఆ చీటీ తీశాను. పొడుగాటి నోట్‌బుక్ ఒకటి కొని, పేరుకో పేజీ. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో మొదలైన, తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల 12 మెట్లలో ఎనిమిదోది ఎవరెవరికి హాని చేశామో జాబితా రాసుకోవడం, తొమ్మిదోది వాళ్లకి సరిచేయడం, సరిచేయబోయి ఇంకా హాని అయ్యే చోట తప్ప. బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు కదా, ఆ మాట మాత్రం గొంతుతో చెప్తే సరిపోదు, లెక్క ఉండాలి. లెక్క వేస్తే మొత్తం లక్షా 42 వేలు. పెద్దాయన తోట కూడా అందులో కలిపాం, ఆయన చెప్పిన అంకె వేసుకున్నాం, బేరం ఆడలేదు.

క్షమాపణ ఉపన్యాసాలు వద్దన్నాను. ఒక్కొక్కరి దగ్గరకూ పోయి, అయిదొందలో వెయ్యో చేతిలో పెట్టి, "ఇది మీ రాగి డబ్బు, ఇంకా ఇంత ఉంది" అని చెప్పి, వాళ్లతో నోట్‌బుక్‌లో సంతకం పెట్టించుకుని వచ్చెయ్యడం. వాళ్లు తిడితే వినడం. ఒకాయన వెయ్యి తీసుకుని లెక్కపెట్టి, "ఇదన్నా ఎక్కడన్నా కాజేసిందా?" అన్నాడు. తమ్ముడు "లేదు బాబాయ్, కూలికి పోయి తెచ్చింది" అని వచ్చేశాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు, ఎట్టాగూ అనే మాట రాలేదు.

షాపు మళ్లీ తెరవాలంటే తీగ కావాలి, టౌన్లో తీగ కొట్టు ఆయన అప్పివ్వనన్నాడు, పాత బాకీ ఉంది మరి. మా సంఘ పెద్దల్లో ఒకాయన రిటైరైన లైన్‌మన్, మాటలు తక్కువ, ఆయన ఒక రోజు తమ్ముడిని స్కూటర్ మీద ఎక్కించుకుని ఆ కొట్టుకు పోయాడు. "ఇతను తీసుకునేది నా పేరు మీద రాయి. నెలాఖరుకు కట్టకపోతే నన్నడుగు." అంతే, టీ తాగి వచ్చేశారు. నాకు తర్వాత తెలిసింది. ఫిలేమోనుకు పౌలు రాసిన చిన్న పత్రిక గుర్తొచ్చింది, పారిపోయిన దాసుడు ఒనేసిము నీకేమన్నా బాకీ ఉంటే నా లెక్కలో వెయ్యి, నేనే తీరుస్తాను అని తన చేత్తో రాశాడు పౌలు. మా లైన్‌మన్ అన్న ఆ వచనం తలుచుకునే చేశాడో లేదో నేను అడగలేదు.

తూకం సంగతి తమ్ముడిదే, ఆ ఆలోచన నాది కాదు. కొత్తగా తెరిచిన షాపులో గుమ్మం పక్కనే కాటా పెట్టాడు, రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా అంకెలు కనపడేట్టు. మోటారు విప్పేటప్పుడు రైతు ఎదురుగా ఉండాల్సిందే, లేకపోతే విప్పడు. పాత తీగ లాగి, రైతుతోనే కాటా మీద పెట్టించి, ఎంతుందో రైతుతోనే రాయిస్తాడు. నేను పోయిన రోజు ఒక కుర్రాడి మోటారు, మూడు కిలోల ఆరొందల గ్రాములు. ఆ కుర్రాడు రాగి తీసి మళ్లీ పెట్టి చూశాడు, కాటాని కొంచెం పక్కకి జరిపి ఇంకోసారి చూశాడు. తమ్ముడు కదలకుండా నిలబడ్డాడు, నూనె చేతులు వెనక్కి పెట్టుకుని. నాకు గుండె బరువెక్కింది. అతని మొహంలో మాత్రం అవమానం లేదు. తర్వాత అడిగితే, "చూసుకోనీ అన్నా, నేను పోగొట్టిందే గదా ఆయన వెతుక్కునేది" అన్నాడు.

ఇంట్లో పరీక్ష ఇంకో రకం. రోజూ రాత్రి గుమ్మంలో భార్య నిలబడి నోరు వాసన చూసేది. "ఊదు." పిల్లల ముందు. మొదట్లో అతనికి అది చెప్పుతో కొట్టినట్టుండేది, దానిమీదే నా దగ్గర ఎక్కువ మాట్లాడేవాడు. నేను చెప్పిందల్లా, ఆమె అడిగేదాకా ఆగొద్దు, నువ్వే ముందుగా పో అని. చెప్పులు విప్పకముందే ఆమె ఎదుటికి పోయి ఊదేవాడు. ఆమెకీ విడిగా చెప్పాను, వాసన చూడటం నీ హక్కు, కానీ పక్కింటివాళ్ల ముందు వద్దమ్మా అని. ఆమె ఒప్పుకుంది. ఆమెతో నేను కూర్చున్నవి ఆరు సెషన్లు, నిజానికి ఇంకా ఎక్కువ కూర్చోవాల్సింది. ఇలాంటి కేసుల్లో మనం మారినవాడి చుట్టూ చేరతాం, వాడివల్ల నలిగిన మనిషిని "నువ్వింకా నమ్మవేంటమ్మా" అని నిలదీస్తాం. ఆమె పదేళ్లు మోసిన భారానికి మూడు నెలల సాక్ష్యంతో సరిపెట్టుకోమనడం అన్యాయం.

14వ నెలలో ఒక రాత్రి, ఇది ఆమె చెప్పింది నాకు, అతను వచ్చి ఎప్పట్లాగే ఎదురుగా నిలబడి నోరు తెరిస్తే, ఆమె పొయ్యి దగ్గర్నుంచి లేవకుండానే "పోయి కాళ్లు కడుక్కో, అన్నం చల్లారిపోతంది" అందట. అతను అక్కడే నిలబడిపోయాడట. కంచంలో ఏం పెట్టిందో కూడా చూడకుండా తిన్నాడట.

సంఘంలో జరిగింది

ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే తప్పు మావైపుది. తొమ్మిదో నెలలో కోతకాలపు పండుగ కానుకల లెక్కలో 3,200 తక్కువ వచ్చింది. ఎవరూ పేరు ఎత్తలేదు. కానీ ఆ గదిలో మైకు వైర్లు చుడుతున్న తమ్ముడి వైపు తలలు తిరిగాయి. అతను చూశాడు. వచ్చే ఆదివారం రాలేదు.

ఇలాంటప్పుడు చాలామంది యోసేపు కథ చెప్తారు, చేయని తప్పుకి జైల్లో పడ్డాడు, దేవుడు హెచ్చించాడు అని. నేను చెప్పలేదు. యోసేపుకి దొంగతనం చేసిన గతం లేదు. తమ్ముడికి ఉంది, తనమీదకి చూపులు ఎందుకు తిరిగాయో అందరికన్నా బాగా తెలుసు, అందుకే నోరెత్తి "నేను కాదు" అని కూడా అనలేకపోయాడు. గతం ఉన్న మనిషికి ఇదే అన్నిటికన్నా పెద్ద కష్టం, చేసినదానికి మాట పడటం ఓర్చుకోవచ్చు, చేయనిదానికి మాట పడితే ఏ ముఖంతో వాదించాలో తెలియదు. నేను ఇంటికి పోతే అన్నాడు, "ఆయనకి తెలుసు గదన్నా, చాల్లే." ఆ "చాల్లే"లో ఎట్టాగూ లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, తాగి కాదు.

ఆయనకి తెలుసు, సరే. మాకూ ఒక బాధ్యత ఉంది. రెండు వారాలకి తేలింది, షామియానా వాళ్లకి ఇచ్చిన డబ్బు పుస్తకంలో ఎక్కించలేదు. "పోన్లే, దొరికింది కదా" అన్నారు కొందరు పెద్దలు. నేను ఒప్పుకోలేదు. అనుమానం అందరి ముందూ పడింది, తీసేయడం కూడా అందరి ముందే జరగాలని పట్టుబట్టాను. కార్యదర్శి ఆదివారం ఆరాధన అయ్యాక లేచి, లెక్క తప్పు మాదే, ఎవరి మనసులోనైనా ఎవరి మీదైనా అనుమానం వచ్చుంటే అది తప్పు, క్షమించాలి అని చెప్పాడు. తమ్ముడు వెనక వరసలో తల దించుకుని ఉన్నాడు. చిన్నపాప మాత్రం మొత్తం తలెత్తి చుట్టూ చూసింది.

ఆ తర్వాత అతనికి సంఘంలో ఏదైనా బాధ్యత ఇద్దామా అన్న చర్చ వచ్చింది. కొందరు వెంటనే ఇద్దామన్నారు, జరిగినదానికి పరిహారంగా. లైన్‌మన్ అన్న ఏడాది ఆగుదామన్నాడు. తమ్ముడు నొచ్చుకున్నాడు, అప్పుడు ఆయన వాళ్ల తాతలు చెప్పుకున్న ఒంగోలు సంగతి చెప్పాడు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మం అడిగారు. ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారనే మాట వాళ్లమీద పడకూడదని, కరువు సాయం ఆగాక కూడా నిలబడతారా చూద్దామని ఆపాడు. సాయం ఆగింది, జనం మాత్రం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "ఆపింది కాదనడానికి కాదురా అబ్బాయ్" అన్నాడు లైన్‌మన్ అన్న, "మా తాతల్ని కూడా ఆపారు."

ఇప్పటి పరిస్థితి

తమ్ముడు తాగుడు మళ్లీ మాని 26 నెలలు. మధ్యలో ఒక్కసారి, 17వ నెలలో, బావమరిది పెళ్లిలో గ్లాసు చేతిలోకి తీసుకుని నాకు ఫోన్ చేశాడు, తాగలేదు. ఆడిట్ నేను మళ్లీ చేయలేదు, తాగనివాడికి ఆ అంకెతో పనేముంది, నెలకొకసారి కలుస్తాను, మూడు నెలలకొకసారి డాక్టర్‌గారి చెకప్. నోట్‌బుక్‌లో తొమ్మిది పేజీలు పూర్తయ్యాయి, ఇంకా ఇద్దరికి కలిపి 11 వేలు ఉంది. తాళిబొట్టు అమ్మమ్మ ఇంట్లోనే ఉంది. దాని గురించి అడగొద్దని తమ్ముడికి నేనే చెప్పాను, అడగట్లేదు.

పెద్దాయన బాకీ పోయిన నెల పూర్తయింది. చివరి రెండు వేలు ఇవ్వడానికి తమ్ముడితో పాటు నేనూ పోయాను, కూటంలో మావాళ్లు ఆయన్ని బయటికి పంపించినందుకు నేను క్షమాపణ చెప్పుకోవాలి కాబట్టి. ఆయన పశువుల కొట్టం దగ్గర ఉన్నాడు. నా మాట విని తల ఊపాడు. డబ్బులు తీసుకుని, నోట్‌బుక్‌లో సంతకం పెట్టి, వెనక పేజీలు కొన్ని తిప్పి చూశాడు, మిగతావాళ్ల సంతకాలు.

"డబ్బులు ముట్టినయ్" అన్నాడు. "మోటారు మాత్రం నీకియ్యను. టౌన్లోనే చేయించుకుంటా."

"సరే పెద్దయ్యా" అన్నాడు తమ్ముడు.

తిరిగొచ్చేటప్పుడు బండి అతనే నడిపాడు. ఊరి బయట చప్టా దాటాక అడిగాను, ఎలా ఉంది తమ్ముడూ అని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ వేసవికి ఆయన బోరు లోతు పెంచాలంట అన్నా, ఆ మోటారు చాలదు. టౌన్లో ఎవరన్నా మంచోడి దగ్గరికి పంపిస్తే బాగుండు" అన్నాడు. సోమవారం తీగ కొట్టు ఆయన్ని అడిగి, నిఖార్సుగా పనిచేసే ఒక మెకానిక్ నంబరు నాకు పంపాడు. పెద్దాయనకి నన్ను ఇవ్వమన్నాడు, తన పేరు చెప్పొద్దన్నాడు. ఇచ్చాను.